వాసన లేని గది

ఫ్రాన్సు దేశపు ఎర్ర వైను ఒక్క గుక్క నోట్లో పోసుకుంటే చాలు, అది ఏ ఏడాది కాసిన ద్రాక్షో చెప్పగలవాడు పెనుకొండ కొండకు ఈ పక్కన నేనొక్కడినే. ఆ పక్కన కూడా ఎవరూ లేరనుకోండి, మర్యాదకు ఈ పక్కన అన్నాను. ఒకసారి 2010 నాటి వైను బుగ్గన పట్టి, మింగకుండా రైల్వే గేటు దాకా నడిచి, గేటు పడితే అది లేచేదాకా ఆగి, తిరిగి ఇంటికొచ్చి మెట్లెక్కి, అప్పుడు మింగి ఏడాది చెప్పాను. దారిలో పలకరించిన వాళ్ళంతా నాకు పంటి నొప్పి అనుకున్నారు.

నమ్మరా? సరే, కథ కొంచెం నడవనివ్వండి.

నా పేరు పోతులయ్య. చదివింది మా పల్లె బడిలో, ఐదో తరగతి దాకా. పెనుకొండలో కొండ కింద మాకొక చిన్న మిద్దె ఉంది. కింద నేనూ, నా భార్య కుళ్ళాయమ్మా. పక్క గదిలో లోకేష్ అని హిందూపురం పిల్లవాడు బాడుగకుండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో పని. శనివారం ఊరికి పోయి ఆదివారం పొద్దున రైలుకు తిరిగొచ్చేవాడు. మిద్దె మీద ఇంకో గది ఖాళీగా ఉండేది. నాలుగు వైపులా కిటికీలు. గాలి తప్ప అందులో కాపురముండేవాళ్ళు ఎవరూ లేరు.

ఉగాది వెళ్ళిన వారానికి ఆ గది చూడటానికి సుమలత వచ్చింది.

వచ్చిన పిల్ల గోడలు చూడలేదు, కిటికీలు చూడలేదు. గది మధ్యలో నిలబడి కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. గూట్లో తల పెట్టి పీల్చింది. మూల దగ్గర వంగి పీల్చింది. దయ్యాలేమైనా ఉన్నాయేమోనని వెతుకుతోందనుకున్నాను. అంతలో లోకేష్ నీళ్ళ బిందెతో పైకొచ్చాడు. ఆ పిల్ల అటు తిరిగి అతన్ని కూడా పీల్చింది.

"కొబ్బరినూనె," అంది. "వేపాకు సబ్బు. పొద్దున చెనిక్కాయల చట్నీ. అందులో తెల్లగడ్డ."

లోకేష్ బిందె దించడం మరిచిపోయాడు.

"ఏం మేడం, పోలీసు కుక్క చూసినట్ల చూస్తాండారు?"

"నన్ను కుక్కంటాండావా?"

"ముందు వాసన చూసిందెవరు?"

"చట్నీ తిని మూతి కడుక్కోకుండా వచ్చిందెవరు?"

"తాతా, ఈమెకు గది ఇయ్యొద్దు. రేపు నా కలలు కూడా వాసన చూస్తాది."

"తాతా, గది బాగుండాది. కింద గదిలో మనుషులే బాగలేరు."

బాడుగ ఎంతో ఇద్దరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. కుళ్ళాయమ్మ నా పక్కటెముకలో మోచేత్తో పొడిచింది. ఆ పోటుకు అర్థం నాకు తెలుసు. మా పెళ్ళి చూపులనాడు కూడా వాళ్ళ అవ్వ ఇలాగే ఎవర్నో పొడిచిందట.

సుమలతది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. ఆమె బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో పనిచేసేది. ఏ భోజనానికి ఏ వైను పోయాలో చెప్పే ఉద్యోగం. దాంట్లో పైకి పోవాలంటే ఒక పరీక్ష ఉందట. వరసగా గ్లాసులు ముందర పెడతారు. రంగు చూసి, వాసన చూసి, నోట్లో తిప్పి ఉమ్మేసి, ఏ ఏడాదిదో చెప్పి మార్కులు వేయాలి.

"దానికి మా ఇంటికెందుకు పాపా?" అన్నాను.

"హాస్టల్లో సీసా చూస్తే తరిమేస్తారు తాతా. పైగా ఆడ మూడు పూటలా సాంబారు వాసన. మా ఇంట్లో రంగుల వాసన. దాని పైన మా నాయన. నేను రిసెప్షన్లో కూర్చుంటానని చెప్పినా. ఆయన లెక్కలో ఇది తాగుడు. పాసైతే కాయితం చేతిలో పెట్టి నిజం చెప్తా. ఫెయిలైతే వచ్చి మగ్గంలో కూర్చుంటా."

అందుకని ఆదివారాలు బెంగళూరు నుంచి రైల్లో వచ్చి మా మిద్దె మీద అభ్యాసం చేస్తుందట. గదికి షరతులు పెట్టింది. సెంటు రాకూడదు. పౌడరు, అగరబత్తి, బీడీ, తలనూనె ఏదీ మెట్లెక్కకూడదు. నేను బీడీ అరుగు మీదికి మార్చుకున్నాను. లోకేష్ తలనూనె మానేశాడు. అతన్నెవరూ మానమనలేదు. అతనికి పైన పనేమీ లేదు కూడా.

పని తర్వాతి ఆదివారం దొరికింది. ఏ గ్లాసులో ఏ ఏడాదిదుందో ఆమెకు తెలియకుండా పోసేవాళ్ళు కావాలి. నాకు చెయ్యి వణుకుతుంది, కుళ్ళాయమ్మకు అంకెలు రావు. లోకేష్ గొంతు సవరించుకున్నాడు.

హోటల్లో పెద్దవాళ్ళు తెరిచి వదిలేసిన సీసాల్లో మిగిలినదాన్ని ఆమె పైఅధికారి దగ్గుమందు బుడ్లంత సీసాల్లో పోసి ఇచ్చేవాడు. అన్నీ ఒకే తోటవి. ఆ తోట పేరుకు నా నోరు తిరగదు. ఏడాదులు మాత్రం వేరు. 2005, 2009, 2010, 2013, 2016. రంగు చూడటానికి వెనక తెల్లగా ఉండాలంటే, ఉతికి ఆరేసిన నా పంచె తెచ్చి బల్ల మీద పరిచారు. పాత వైను అంచు ఇటుక రంగుకు తిరుగుతుందట, కొత్తది ఊదాగా ఉంటుందట. ఆమె గ్లాసు వంచి పంచె మీద రంగు చూసేది. లోకేష్ గ్లాసుకు అవతల నిలబడి ఆమెను చూసేవాడు.

"ఎందుకట్ల చూస్తాండావు?"

"నువ్వు కరెక్టుగా చూస్తాండావా లేదా అని చూస్తాండా."

"నీకేం తెలుసు కరెక్టు?"

"సీసాలు నా చేతిలో ఉండాయి గదా."

ఒక్కో వైనుకు మార్కులు నూటికి. కానీ మొదలయ్యేదే యాభై నుంచి. గ్లాసులో పడినందుకే యాభై! ఆ పద్ధతి మా బడిలో ఉంటే నేను కలెక్టరయ్యేవాణ్ణి.

ఇక నా గొప్ప సంగతి. ఒకరోజు ఊరికే కూర్చున్నవాణ్ణి కదా అని సుమలత నాకూ గ్లాసు ఇచ్చింది. నేను కళ్ళు మూసి, తెరిచి, "2010" అన్నాను. కరెక్టు. రెండోది "2013." అదీ కరెక్టు. మూడోది చెప్పేసరికి ఆ పిల్ల నా చూపు పోయే వైపు వెనక్కి తిరిగి చూసి, నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది.

"తాతా, నువ్వు వైను తాగి చెప్తాండావా, లోకేష్ చెవి చూసి చెప్తాండావా?"

అదండీ సంగతి. లోకేష్ ఆమె వెనక నిలబడి చెవి గోకితే 2010, ముక్కు గోకితే 2013. పాపం, 2016కు ఎక్కడ గోకాలో ఇద్దరం అనుకోలేదు. నా నాలుకకు తెలిసిందల్లా అన్నీ నేరేడు పండు తిని తలుపు గొళ్ళెం నాకినట్టున్నాయని. రైల్వే గేటు దాకా బుగ్గన పట్టి నడిచిన మాట నిజమే, బుగ్గన ఉన్నది వక్కాకు.

సుమలతకు మాత్రం అబద్ధం చెల్లేది కాదు. ఆమె నోట్లో తిప్పుతూ కళ్ళు మూసుకుంటే, ఆ ఏడాది అక్కడ కాసిన ఎండ ఆమె ముఖం మీద కనబడేది. తనకు మాటలు దొరకనప్పుడు లోకేష్‌ను అడిగేది.

"దీని వాసన ఎట్లుండాది? నీకు తోచింది చెప్పు."

"మా ఊళ్ళో బెల్లం మండీ ఉండాదే, పొద్దున తాళం తీస్తానే వస్తాదే, అట్లుండాది."

"ఇది?"

"వానకు తడిసిన మట్టిగోడ."

"అబ్బా! ఆ మాట నేను పరీక్షలో వాడుకుంటా."

"వాడుకో. పేరు నాది పెట్టు."

"పేరు పెడితే నీకూ సర్టిఫికెట్ ఇయ్యాల్సి వస్తాది."

లోకేష్‌కు 2013 నచ్చేది. ఆమె దానికే తక్కువ మార్కులు వేసేది. "ఆ ఏడాది ఆడ తప్పు కాలంలో వానలు. పండు సరిగా మాగలేదు. 2010 ముప్పై ఏండ్లు దాచినా ఉంటాది. ఇది అట్ల కాదు, వయసులో ఉండంగానే తాగేయాల." లోకేష్ బుద్ధిగా తల ఊపాడు. తల ఊపడం ఒక్కటే వచ్చు ఆ పిల్లవాడికి.

కాదు, ఇంకొకటి వచ్చు. పూలు తేవడం.

హిందూపురం పూల అంగట్లో తెల్లారి కట్టిన మల్లెపూలు, అరటాకులో చుట్టి, పైన నీళ్ళు చిలకరించి తెచ్చేవాడు. చేతికిచ్చే ధైర్యం లేదు. పైన కిటికీలో పెట్టి, గ్లాసులు తుడుస్తూ నిలబడేవాడు. సుమలత వచ్చేది, పొట్లం చూసేది. ఏమీ అనకుండా అది పట్టుకుని కిందికి దిగి, "అవ్వా, నువ్వు పెట్టుకో" అని కుళ్ళాయమ్మకిచ్చి, చేతులు మట్టితో రుద్ది కడుక్కుని మళ్ళీ పైకి పోయేది.

సాయంత్రం లోకేష్ కిందికొచ్చేసరికి, అతను తెచ్చిన పూలు నా భార్య తలలో నవ్వుతుండేవి.

"ఏమబ్బా," అన్నాను ఒకరోజు, "వారం వారం నా పెండ్లానికి పూలు తెస్తాండావు. నేనింకా బతికే ఉండా, కనపడలేదా?"

కుళ్ళాయమ్మ తల తిప్పి చూపించింది. "నువ్వు తెచ్చింది ఎప్పుడు గాని? తెచ్చేవాణ్ణి ఎందుకు ఆపుతావు?"

లోకేష్ నవ్వాడు. నవ్వులో సగం దారిలోనే ఆగిపోయింది.

మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేని సంగతి ఒకటుంది. పిల్లవాడు పూలు తెస్తే పిల్ల తలలో పెట్టుకుందంటే సరేనని. పక్కకు పెట్టిందంటే కాదని. దీనికి పెద్దమనుషులు అక్కర్లేదు. అయినా ప్రతి ఆదివారం తెచ్చాడు. ఈ వారమైనా, ఈ వారమైనా అని.

జూన్ మొదట్లో ఒక ఆదివారం, గ్లాసులు పోసి ఉండగా కొండ మీద నుంచి వాన దిగింది. తొలి వాన. మట్టి వాసన నాలుగు కిటికీల నుంచీ ఒక్కసారే లోపలికొచ్చింది. సుమలత గ్లాసు కింద పెట్టేసింది.

"అయిపోయింది. ఇంక నాకేం తెలీదు. ఈ వాసన పోయేదాకా పని లేదు."

నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఆ ఇద్దరూ కిటికీ దగ్గర, మధ్యలో ఒక మూర ఎడంతో. జల్లు కొడుతుంటే ఆమె పక్కకు జరగలేదు. అతనూ జరగలేదు. అన్ని ఆదివారాల్లో చేతిలో గ్లాసు లేకుండా ఆమె నిలబడింది ఆ కాసేపే.

"లోకేష్," అంది.

"ఊ."

"ఏం లేదు. నువ్వు చెప్పు."

చెప్పు నాయనా, అనుకున్నాను. గ్లాసులో పడు. పడితేనే యాభై.

"వాన బాగా పడతాంది," అన్నాడు లోకేష్.

"ఊ. బాగా పడతాంది," అంది సుమలత.

పెనుకొండలో వాన పడుతోందని పెనుకొండలో నిలబడి చెప్పుకోవడానికి వాళ్ళిద్దరే దొరికారు.

మరుసటి ఆదివారమే పరీక్షకు ముందరి చివరి ఆదివారం. ఆ పిల్ల వారమంతా నిద్రపోయినట్టు లేదు. రెండు గ్లాసులు వరసగా తప్పు చెప్పింది. మూడోది ముక్కు దగ్గర పెట్టుకునే సమయానికి లోకేష్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో ధైర్యం, దాచి ఉంచిన పొట్లం విప్పి, పూలు బల్ల మీద గ్లాసుల పక్కనే పెట్టాడు.

"ఈ పొద్దన్నా పెట్టుకో."

సుమలత గ్లాసు దించింది. కళ్ళ నిండా నీళ్ళు.

"తీసుకుపో. ముందు ఈడ్నించి తీసుకుపో. ఒక్కసారి చెప్తే తెలీదా నీకు?"

"తెలిసింది," అన్నాడు లోకేష్.

పూలు తీసుకుని మెట్లు దిగాడు. ఆ వారమే గది ఖాళీ చేసి హిందూపురం పోయాడు. ఫ్యాక్టరీకి అక్కడి నుంచే కంపెనీ బస్సులో రావడం మొదలుపెట్టాడు. ఆమె పరీక్ష పాసైంది. ఫోను చేసి చెప్పింది. ఏడ్చింది, నవ్వింది. "అందరూ బాగున్నారా తాతా?" అని రెండుసార్లు అడిగింది. అందరిలో ఎవరో అడిగితే బాగుండదని నేను అడగలేదు.

రెండేళ్ళ తర్వాత, నిరుడు ఎండాకాలంలో సుమలత మళ్ళీ మా మెట్లెక్కింది. చేతిలో పెళ్ళి పత్రిక. పెళ్ళికొడుకు నాసిక్ దగ్గర వైను తయారుచేసే చోట పనిచేస్తాడట. మంచివాడట. తన నాయన పరీక్ష పాసైన కాయితం చూసి మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు, "నేను దారం పట్టుకుని ఏ పట్టో చెప్తా, నువ్వు నోట్లో పోసుకుని చెప్తాండావు, అంతే గదా" అన్నాడట.

"లోకేష్‌కూ ఒక పత్రిక ఇయ్యాల తాతా. పిలుస్తావా?"

పిలిచాను. బండి మీద వచ్చాడు. తలకు నూనె లేదు. ఆ అలవాటు ఇంకా పోలేదన్నమాట.

నలుగురం మిద్దె మీది గదిలోనే కూర్చున్నాం. ఆమె సంచిలోంచి చిన్న సీసా తీసింది. 2013. "నీకిష్టమని తెచ్చినా" అని నాలుగు గ్లాసుల్లో తనే పోసింది. ఈసారి ఏడాది దాచలేదు. కాసేపటికి, వైను వైపు చూస్తూనే అడిగింది.

"ఒక మాట అడుగుతా. సెంటు వద్దని మొదటి రోజే చెప్తిని. తలనూనె కూడా మానేస్తివి. మరి వారం వారం మల్లెపూలు ఎందుకు తెస్తాంటివి? ఆ చివరి రోజు గ్లాసు పక్కనే పెడ్తివే, నా పని నీకూ ఎగతాళేనా అనిపించింది. మా నాయనొకడు, నువ్వొకడు అని ఎంత ఏడ్చినానో తెలుసా?"

లోకేష్ గ్లాసు కింద పెట్టేశాడు.

"మల్లెపూలు సెంటా?"

"సెంటు కంటే ఎక్కువ లోకేష్. గదిలో ఒక్క మూర ఉంటే ఇంక నాకు వైనే తెలీదు."

"సెంటంటే సీసాలోది గదా," అన్నాడు మెల్లగా. "పువ్వు పువ్వే గదా. అది కూడా వాసన కిందికొస్తాదని నాకు... నేను వేరే అనుకుంటి. పెట్టుకోలేదంటే వద్దన్నట్టే అనుకుంటి."

"దేన్ని వద్దన్నట్టు?"

దానికి జవాబు గదిలో అందరికీ తెలుసు. కుళ్ళాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సుమలత గ్లాసు తిప్పుతూ, "అవ్వకిచ్చేటప్పుడు ఒక పువ్వు తెంపి పర్సులో పెట్టుకుంటాంటి," అంది. "రైలెక్కినాక తీసి చూసుకుంటాంటి. బెంగళూరు దాకా వస్తాండె వాసన."

"నాకు చెప్పలేదే."

"నువ్వు చెప్పినావా?"

వాన బాగా పడుతోందని చెప్పాడు గదమ్మా, అందామనుకున్నాను. నాలాంటివాడికి కూడా ఒక్కోసారి నోరు రాదు.

లోకేష్ గుక్క తాగాడు. "బాగుండాది," అన్నాడు.

ఆమె కూడా తాగి, అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుంది. ఈసారి ఉమ్మలేదు. "బాగుండాది. గానీ దిగిపోతాండాది. అప్పుడే తాగాల్సింది ఇది."

"మార్కులెంత?"

"ఈ పొద్దు వెయ్యను."

సాయంత్రం రైలుకు ఆమె ధర్మవరం బయలుదేరింది. ఆటో కదిలిందో లేదో, లోకేష్ బండి తీశాడు. బజారులో పూలమ్మే కదిరమ్మ దగ్గర ఆగి, "అక్కా, వాసన రాని పూలు ఉండాయా?" అన్నాడట. వాసన రాని పూలడిగిన మొదటి మనిషి అతనేనని కదిరమ్మ ఇప్పటికీ చెబుతుంది. కనకాంబరాలు ఒక మూర కొలిచి ఇచ్చింది.

రైలు కూత వేస్తుండగా ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తాడు. కిటికీలో సుమలత. అతను పూలు చాచాడు. ఆమె తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన లేదని తెలిసి, ఏడుస్తూ నవ్వింది. అతను చూస్తుండగానే జడలో పెట్టుకుంది. రైలు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆ నారింజ రంగు కనబడుతూనే ఉంది.

ఇక్కడ ఆపితే కథ బాగుంటుంది. మీరూ సంతోషంగా పోయేవారు. కానీ కుళ్ళాయమ్మ పక్కనే కూర్చుని వింటోంది, నా వైపు చూస్తోంది.

సరే, చెబుతాను. వైను గొప్పలు కాక, ఇందులో నేను అల్లింది ఆ రైలు కిటికీ ఒక్కటే. కనకాంబరాలు కొన్నది నిజం. రైలు వేళకు చేరుకున్నదీ నిజమే, ఇంకా చాలా టైముంది కూడా. ఆ పిల్ల కిటికీ దగ్గరే కూర్చుని, పెళ్ళి పత్రికల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఉందట. అది చూసి, లోకేష్ స్తంభం వెనకనే నిలబడి, రైలు పోయినాక తిరిగొచ్చాడు.

అరుగు మీద కూర్చున్న నా భార్యకు పొట్లం ఇచ్చి, "ఇవి వాసన రావు అవ్వా," అన్నాడు.

ఆమె తలలో పెట్టుకుంది. అతను బండెక్కి హిందూపురం పోయాడు. దుమ్ము సద్దుమణిగినాక నేను లేచి, ఆమె జడ దగ్గరికి వంగి వాసన చూశాను.

నిజమే. ఏమీ రాలేదు.